వడ్డేపల్లి పెరట్లో చైనా క్యాబేజీ గడ్డ కట్టాలంటే

వడ్డేపల్లి ఎండలకు చైనా క్యాబేజీ వస్తుందా?

వస్తుంది. కాకపోతే గడ్డ కట్టే రోజులు డిసెంబరు, జనవరిలో పడాలి. ఎరువు, నీళ్లు, మందులు అన్నీ ఆ తర్వాతి మాటలు.

మన గోబీగడ్డకూ దీనికీ చుట్టరికం ఉంది గానీ రెండూ ఒకే జాతి కాదు. ఇది టర్నిప్ జాతిది. ఆకు పలచన, మధ్య ఈనె తెల్లగా, వెడల్పుగా ఉంటుంది. కొరియావాళ్ల కిమ్చీ పచ్చడికి వాడేది ఇదే.

ఎండ ఎక్కువైతే గడ్డ ఎందుకు కట్టదు?

15–20 డిగ్రీల చల్లదనంలో కొత్త ఆకులు వెడల్పుగా పెరిగి, నిటారుగా లేచి, లోపలికి వంగుతాయి. అలా ఒకదాని మీద ఒకటి ముడుచుకుంటేనే గడ్డ. 25 డిగ్రీలు దాటే కొద్దీ ఆకులు బయటికి పరుచుకుంటాయి. తాడుతో కట్టేస్తే గడ్డ అవుతుందని కొందరు చెబుతారు. కాదు, లోపలి ఆకులు తెల్లబడతాయి, అంతే. తైవాన్‌లో 1971లో మొదలైన ప్రపంచ కూరగాయల కేంద్రం తొలినాళ్ల నుంచీ ఈ పంట మీద పనిచేసి, వేడిని తట్టుకుని గడ్డ కట్టే రకాలను తయారుచేసింది. ఆ కేంద్రం దక్షిణాసియా కార్యాలయం మన పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలోనే ఉంది. విత్తనం కొనేటప్పుడు వేడిని తట్టుకునే రకమేనా అని అడిగి తీసుకోండి.

ఎప్పుడు, ఎలా వేయాలి?

అక్టోబరు రెండో పక్షంలో నారు పోయండి. మూడు నాలుగు వారాల నారును 45 సెంటీమీటర్ల ఎడంలో నాటండి. రకాన్ని బట్టి విత్తిన 60–80 రోజులకు కోతకొస్తుంది. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మొదలు కుళ్లుతుంది కాబట్టి మడి జానెడు ఎత్తు చేసి, బాగా మాగిన పెంట ఎరువు కలపండి. వేర్లు పైపైనే ఉంటాయి. తడి ఆరనివ్వకూడదు, అలాగని ముంచకూడదు.

లోపలి ఆకుల అంచులు మాడుతున్నాయి. సున్నం వేయాలా?

వద్దు. నల్లరేగడిలో సున్నానికి సాధారణంగా కొదవ ఉండదు. అది నీటితో పాటే పైకెక్కుతుంది, నీటి ఆవిరిని ఎక్కువగా వదిలే ఆకులకే ఎక్కువగా చేరుతుంది. మూసుకున్న లోపలి ఆకులు ఆవిరి వదలవు, అందుకే వాటికి అందదు. ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచితే ఇంకా ముదురుతుంది. పత్తికి తెచ్చిన యూరియా ఇంట్లో ఉంది కదా అని గుప్పెడు చల్లితే ఆకు తొందరగా ఉబ్బి, మాడేది ఎక్కువవుతుంది.

పురుగు సంగతి?

చుట్టూ పత్తి, మిరప ఉన్నచోట లద్దెపురుగు పెరట్లోకీ వస్తుంది. ఆకులను జల్లెడ చేసే చిన్న పచ్చపురుగు, పేనుబంక సరేసరి. పొద్దున్నే ఆకు తిప్పి చూసి, గుడ్లు కనబడితే నలిపేయండి. నారు నాటడానికి పదిహేను రోజుల ముందుగా మడి అంచున ఆవాలు చల్లితే పచ్చపురుగు తల్లి చాలావరకు అటే పోతుంది. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. పత్తి మందు మాత్రం కొట్టొద్దు, రేపు కూర వండుకునేది ఈ ఆకులనే.

ఎప్పుడు కోయాలి?

పైనుంచి అరచేత్తో నొక్కితే గట్టిగా తగలాలి. ఫిబ్రవరి వచ్చినా వదులుగానే ఉంటే ఇక ఎదురుచూడకండి, ఎండ ముదిరితే కుళ్లు పడుతుంది. ఆకుకూరలా కోసి పప్పులో వేసుకోవచ్చు. ఈనెలు ముందు వేసి, అవి మెత్తబడ్డాక ఆకు వేయండి.