అటక దిగిన పాటలు

పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టాలనుకున్నప్పుడు ముందుగా ఖాళీ అయ్యేది అటక. గంగాళాలు, గుండిగలు, కాలు విరిగిన కుర్చీ, పెళ్ళినాటి ట్రంకుపెట్టె... అన్నీ దిగాక మూలన గోనెపట్టా కప్పిన ఓ చెక్కపెట్టె బయటపడుతుంది. మూత తీస్తే నల్లటి పళ్ళాలు. 'అవి మీ తాతగారి ప్లేట్లురా' అంటుంది నాయనమ్మ. మనవడు అప్పటికే ఫోను తీసి ఫొటోలు కొడుతుంటాడు. 'ఇవి ఆన్‌లైన్‌లో వేలకి వేలు పోతున్నాయట!'

పోతున్నాయి, నిజమే. కాకపోతే అన్నీ కాదు. పోయేవి ఏవో ఇంట్లోవాళ్ళకు సాధారణంగా తెలియదు. బంగారం అనుకున్నది వందకి పోవచ్చు, విరిగిపోయిందని పక్కన పడేసిన కట్టలో ఇంకెక్కడా దొరకని గొంతు ఉండొచ్చు.

జొన్నాడ వైపు నుంచి గౌతమి దాటి వచ్చినా, సిద్ధాంతం వైపు నుంచి వశిష్ఠ దాటి వచ్చినా తగిలే ఊరు రావులపాలెం. కోనసీమకి వాకిలి. ఇటువంటి ఊళ్ళలో అటకకి సామాన్లు దాయడమే కాక ఇంకో పని కూడా ఉండేది. గోదావరి పొంగితే ఇంట్లో అపురూపమైనదంతా అటకెక్కేది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు లంకల్లో, ఏటిగట్ల వెంబడి ఊళ్ళలో ఏం మిగిలిందంటే, పైకెక్కించగలిగినదే మిగిలింది. పదేళ్ళు తిరిగేసరికి 1996 నవంబరు తుపాను. ఈసారి కప్పులే లేచిపోయాయి. ఆ రెండూ దాటుకుని వచ్చిన రికార్డు ఈ డెల్టాలో గట్టి పిండం కిందే లెక్క. దానికి మూడో శత్రువు కూడా ఉంది, ఎండ. పెంకుల కింది వేసవి వేడికి వినైల్ రికార్డు అప్పడంలా వంగిపోతుంది. ఒకసారి వంగిందా, ధర సగం చచ్చినట్టే.

అందుకే అమ్మాలనుకున్నవాళ్ళు చేయాల్సిన మొదటి పని ఫొటోలు పెట్టడం కాదు. పెట్టెను నీడన, గాలి ఆడేచోట దించి, రికార్డులను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టడం.

లక్కా? వినైలా?

పెట్టెలో రెండు జాతులుంటాయి. బరువుగా, గాజులా ఠక్కున విరిగేవి లక్కతో చేసినవి. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. కాస్త వంగే గుణమున్న ప్లాస్టిక్‌వి వినైల్. అందులో చిన్నది 45 చుట్లది, పెద్దది 33 చుట్ల ఎల్‌పీ. ఎల్‌పీ అమెరికాలో 1948లో పుట్టింది. మన దేశంలో మాత్రం ఆ తరవాత చాలా ఏళ్ళపాటు లక్కదే రాజ్యం. ఎంతగా అంటే, ఇంగ్లండులో బీటిల్స్ పాటలు వినైల్ మీద వస్తుంటే కోల్‌కతా దగ్గర డమ్‌డమ్ కర్మాగారంలో 60వ దశకం నడిమి దాకా వాటిని లక్క ప్లేట్లమీదే ముద్రించారు. పాశ్చాత్య దేశాల సంగ్రాహకులకు ఇప్పుడవి వింత వస్తువులు. వెయ్యి డాలర్లు దాటి పోయినవీ ఉన్నాయి. మన అటకల మీద బీటిల్స్ దొరకడం కష్టమే అనుకోండి. అయినా ఎక్కడో మద్రాసులో చదువుకొచ్చిన మేనమామ ఒకడు ఉండే ఉంటాడు, చూడటంలో తప్పులేదు.

ఈ రెండు జాతుల తేడా తెలియకే చాలా రికార్డులు చేతులారా పాడవుతున్నాయి. బూజు పట్టింది కదా అని స్పిరిట్‌తో తుడుస్తారు. వినైల్ సంగతి ఎలా ఉన్నా, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. అంటే పాటనే తుడిచేస్తున్నట్టు. డిస్టిల్డ్ నీళ్ళు, చుక్క సబ్బు, మెత్తని గుడ్డ, మధ్యలోని కాగితం తడవకుండా జాగ్రత్త... అంతే చాలు. అలాగే ఎల్‌పీ ముల్లుతో 78 ప్లేటు వాయించకూడదు. దాని గాడి వెడల్పు, దానికి ముల్లు వేరే ఉంటుంది.

లక్క ప్లేటు చూడగానే దాని యజమాని స్వభావం చెప్పెయ్యొచ్చు. పాతకాలపు పాటల పెట్టెకు ఉక్కు ముల్లు వాడేవారు. ఒక్కో వైపు పాట అయ్యాక దాన్ని మార్చాలి. పొదుపరులు ఒకే ముల్లుతో పది పాటలు లాగించేవారు. అటువంటి ప్లేట్ల గాళ్ళు అరిగి, నలుపు పోయి బూడిదరంగు తేలి ఉంటాయి. ఇక పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ తిరిగిన మైకుసెట్టు వాళ్ళ రికార్డులైతే చెప్పక్కర్లేదు. ఊరంతటినీ నిద్ర లేపిన పాట, ఇప్పుడు గరగరమంటుంది.

ఏది పోతుంది, ఏది పోదు?

ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ ఉందా? కళ్ళకద్దుకుని దాచుకోండి. అమ్మితే పెద్దగా రాదు. ఆయన పోయిన 1974లో విడుదలైన ఆ రికార్డు తెలుగువాళ్ళున్న ప్రతి చోటికీ వెళ్ళింది. ఎక్కువ ఇళ్ళలో ఉన్నదానికి ఎక్కువ ధర రాదు, సంతలో సూత్రమే ఇక్కడా. 1980 నాటి 'శంకరాభరణం' పాటలదీ దాదాపు అదే దారి. కవరు కొత్తదానిలా ఉంటే తప్ప సంగ్రాహకుడు ఎగబడడు.

అదే 80వ దశకం చివర్లో వచ్చిన ఇళయరాజా సినిమా రికార్డు చూడండి. అప్పటికి టేపురికార్డరు ఇంటింటికీ వచ్చేసింది. క్యాసెట్లు లక్షల్లో, రికార్డులు కొద్దిగానే ముద్రించారు. తక్కువ ముద్రించింది కాబట్టే ఇప్పుడు గిరాకీ. కొనేవాళ్ళలో ఆ సినిమాలు వచ్చేనాటికి పుట్టనివాళ్ళూ ఉన్నారు! అమెరికాలో 2022లో వినైల్ రికార్డులు 4.1 కోట్లు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లే అమ్ముడయ్యాయి. 1987 తరవాత రికార్డులు సీడీలను దాటడం అదే మొదటిసారి. ఆ గాలి ఇక్కడికీ తగిలింది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది మాత్రం ఎవరూ అడగని కట్ట. నాటకం పద్యాల ప్లేట్లు, హరికథలు, కోలాహలంగా సాగే కృష్ణరాయబారాలు. కపిలవాయి రామనాథశాస్త్రి, మాధవపెద్ది వెంకట్రామయ్య, స్థానం నరసింహారావు లాంటి రంగస్థల దిగ్గజాల గొంతులు మనకు దక్కాయంటే ఆ లక్క పళ్ళాల పుణ్యమే. సినిమా పాటకైతే సినిమా ప్రింటు ఉంటుంది, రేడియోలో టేపు ఉంటుంది. నాటకపద్యానికి ప్లేటే ఆధారం. నాలుగైదు ప్లేట్ల సెట్టుగా వచ్చిన నాటకంలో మూడోది పోతే ఆ రంగం పోయినట్టే. రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి గొంతులో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం జనంలోకి వెళ్ళింది కూడా గ్రామఫోను రికార్డు మీదే. ఇక పెద్ద పేర్లు కాని వాళ్ళ సంగతి? ఒక్కటో రెండో రికార్డులిచ్చి ఊరికి తిరిగొచ్చేసిన గాయకులు, జిల్లా దాటి తెలియని భాగవతార్లు ఉన్నారు. వాళ్ళ పేరు వెదికితే ఇంటర్నెట్‌లో ఏమీ రాకపోతే, 'విలువ లేదు' అనుకుంటాం. అసలది 'ఇంకెవరి దగ్గరా లేదేమో' అని అనుమానించాల్సిన చోటు.

ధర చెప్పడం వేరు... పోవడం వేరు

రికార్డుల క్రయవిక్రయాలకు ప్రపంచంలో పెద్ద సంత డిస్కాగ్స్. 2000లో అమెరికాలో మొదలైంది. అక్కడ రికార్డు వివరాలు కొడితే గతంలో అది ఎంత తక్కువకి, ఎంత ఎక్కువకి అమ్ముడయిందో కనిపిస్తుంది. చూడాల్సింది ఆ అంకె. అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర చూసి గాల్లో మేడలు కట్టొద్దు. పదివేలు అడిగేవాడు నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉండొచ్చు! రికార్డు ఏ ముద్రణో పోల్చుకోవడానికి లేబుల్ మీది అంకె, దాని పక్కన ఖాళీ నల్లటి వలయంలో చెక్కిన అంకె రెండూ ఫొటో తీయాలి.

మన దేశంలో కొనేవాళ్ళు మాత్రం ఎక్కువగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ బృందాల్లోనే దొరుకుతారు. డబ్బు యూపీఐలో వస్తుంది. ఇక్కడే ఓ హెచ్చరిక. 'డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అన్నవాడు కొనేవాడు కాదు, దొంగ. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

రికార్డు ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పడం అమ్మేవాడికే మంచిది. కొత్తదానిలా ఉంటే ఒక మెట్టు, సన్నటి గీతలుంటే ఒకటి, గరగర వినిపిస్తే ఇంకొకటి... ప్రపంచమంతా ఒప్పుకున్న మెట్లు ఉన్నాయి. గదిలో దీపం కింద కాకుండా పగటి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే గీతలన్నీ లేచి కనిపిస్తాయి. ఒక మెట్టు తగ్గించి చెప్పినవాడికి రెండోసారీ బేరం వస్తుంది.

కట్టడంలో సగం ప్రాణం ఉంది. ఎల్‌పీని అట్ట కవరులోనే ఉంచి పంపితే దారిలో కుదుపులకి రికార్డు అంచు కవరును చీల్చేస్తుంది. లోపలి కాగితం సంచీతో సహా బయటికి తీసి కవరు వెనక పెట్టాలి. రెంటికీ అటూ ఇటూ దళసరి అట్టలు. లక్క ప్లేటుకైతే చుట్టూ మెత్త ఇంకా మందంగా ఉండాలి. రావులపాలెం అరటి గెలలు లారీలెక్కి రాష్ట్రాలు దాటి వెళ్ళడం తరతరాలుగా చూస్తున్నాం కదా అని ఆకులూ గడ్డీ కూరేరు, తేమ చేరి బూజు పడుతుంది. పాత వార్తాపత్రికలు బాగా ఎండినవైతే పరవాలేదు.

విదేశాలకి పంపేవాళ్ళు రెండు సంగతులు తెలుసుకోవాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. కొనేవాడితో ఆ లెక్క ముందే మాట్లాడుకోవాలి. రెండోది చాలామందికి తెలియనిది. మన 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన, చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువును పురావస్తువుగా లెక్కిస్తారు, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. మన దేశంలో గ్రామఫోను రికార్డింగులు మొదలైంది 1902లో. అంటే తొలితరం ప్లేట్లు ఇప్పటికే ఆ గీత దాటేశాయి. ఏటా మరికొన్ని దాటుతున్నాయి. అటువంటివి దేశంలోనే అమ్ముకోవడం క్షేమం.

అమ్మేముందు ప్రతి ప్లేటునూ ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కించి ఉంచుకోవడం మంచిది. టర్న్‌టేబుల్ ఉన్న స్నేహితుడెవరైనా దొరక్కపోరు. ఇంట్లో వినడానికి బాగానే ఉంటుంది కానీ, అందరికీ వినిపించేలా నెట్‌లో పెట్టాలంటే మాత్రం చట్టం చూసుకోవాలి. రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. రాసినవాళ్ళ, బాణీ కట్టినవాళ్ళ హక్కు వేరే, వాళ్ళు పోయాక 60 ఏళ్ళు. ఏ ధరా పలకని, ఎవరూ అడగని నాటకాల కట్టను పాత ఇనుప సామాన్లవాడికి వేసేబదులు 1990 నుంచి ముంబైలో ఉన్న రికార్డు సంగ్రాహకుల సంఘాన్నో, గురుగ్రామ్‌లో సంగీత ధ్వనులను భద్రపరిచే కేంద్రాన్నో ఒక్క ఉత్తరంతో అడిగి చూడొచ్చు. జాబితా, ఫొటోలు జతచేస్తే ఏది అపురూపమో తెలిసినవాళ్ళు చెబుతారు.

ఒక్క రకం రికార్డుల దగ్గర మాత్రం బేరం తెగదు. కవరు మీద తాతగారు సిరాతో పేరు రాసుకుని, కొన్న తారీఖు వేసి, కింద 'చి.ల.సౌ.' అంటూ నాయనమ్మ పేరు కూడా చేర్చి ఉంటారు. సంగ్రాహకులకు అది మచ్చ. రాత ఉన్న కవరుకి మెట్టు తగ్గించేస్తారు, సగం ధర అడుగుతారు. అలాంటివి జాబితాలో కలపక్కర్లేదు. రాతలేని కాపీ ఇంకోటి వాళ్ళకి ఎక్కడైనా దొరుకుతుంది.