గులాం అహ్మదు గారి ఆట

మన బాలురు క్రికెట్ ఆడబూనినపుడు ప్రతివాడును బ్యాటు కొరకే తొందరపడుచుండుట మేమెరుగుదుము. బంతి వేయువాని శ్రమను తలచువారు కొలదిమందియే. కావున మన హైదరాబాదున పుట్టిన ఒక గొప్ప బౌలరును గూర్చి ఇచ్చట వ్రాయుచున్నాము.

గులాం అహ్మదు గారు 1922వ సంవత్సరము జూలై 4వ తేదీన జన్మించిరి. వారు వేసినది ఆఫ్ స్పిన్. కుడిచేతి వ్రేళ్లతో మెలిపెట్టి విడిచిన బంతి నేలను తాకిన పిదప, కుడిచేతివాటపు ఆటగాని కాళ్లవైపునకు తిరుగును. దీనికి వేగముకంటె ఓర్పు ముఖ్యము. 1950-51 రంజీ పోటీలలో, ఇండోరునందు, హోల్కారు జట్టుపై వారు ఒక్క ఇన్నింగ్సులోనే 92 ఓవర్ల 3 బంతులు, అనగా 555 బంతులు వేసిరి. 245 పరుగులిచ్చి పొందినవి నాలుగే వికెట్లు! అంతకుమున్ను ఒక ఇన్నింగ్సున అన్ని బంతులు వేసినవారు లోకమున లేరు. 1957లో వెస్టిండీసు బౌలరు రామధీన్ 98 ఓవర్లు వేసి ఆ లెక్కను దాటిరి.

1948 డిసెంబరు మాసాంతమున కలకత్తాలో ప్రారంభమైన టెస్టుతో వారు భారత జట్టున ప్రవేశించి, మొత్తము 22 టెస్టులలో 68 వికెట్లు గైకొనిరి. 1952లో ఢిల్లీయందు పాకిస్తానుతో జరిగిన తొలి టెస్టులో మాత్రము బ్యాటుతోనే పేరు పొందిరి. కట్టకడపటి ఆటగాడుగా వచ్చి 50 పరుగులు చేసి, హేమూ అధికారి గారితో కలిసి చివరి వికెట్టునకు 109 పరుగులు చేర్చిరి. 2004 వరకు భారతీయులెవ్వరును చివరి వికెట్టునకు అంతకుమించి చేర్చలేదు.

1955 నవంబరున ఫతే మైదానమందు న్యూజిలాండుతో నగరపు మొట్టమొదటి టెస్టు జరిగినపుడు నాయకులు వీరే. సొంత ఊరి జనుల యెదుట జట్టును నడుపు భాగ్యము ఎందరికి దక్కును? మరుసటి యేట కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఒక ఇన్నింగ్సున 49 పరుగులకే 7 వికెట్లు, ఆ టెస్టు మొత్తమున 10 వికెట్లు తీసిరి. అయినను భారతము 94 పరుగుల తేడాతో ఓడెను. 1958-59లో వెస్టిండీసుపై రెండు టెస్టులకు నాయకత్వము వహించి, రెంటను ఓడి, టెస్టు ఆటనుండి విరమించిరి.

1983లో భారతము ప్రపంచ కప్పు గెలిచినపుడు జట్టు ఎంపిక సంఘమునకు అధ్యక్షులు వీరే. 1998 అక్టోబరు 28న దివంగతులైరి.