పేరు మీరు చెప్పండి... పెళ్లి మేం చేస్తాం

లండన్‌లో ఆస్టెన్‌టేషియస్ అనే నాటక బృందం ఉంది. 2011లో మొదలైంది. తెర లేచే క్షణం దాకా ఆ రాత్రి ఏ కథ ఆడబోతున్నారో అందులోని నటులకే తెలియదు. చూడవచ్చిన జనమే ఒక పేరు చెప్పాలి. అది ఆంగ్ల నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ రాసి ఉంటే బాగుండునని తోచే నవల పేరు. ఎంత విడ్డూరంగా ఉంటే అంత మంచిది. ఆ పేరు పట్టుకుని, రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు దుస్తుల్లో ఉన్న నటులు అక్కడికక్కడే గంటసేపు ఒక ప్రేమకథ అల్లేస్తారు. తండ్రి ఎవరో, అల్లుడు ఎవరో, ఎవరి ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో ఆడుతూనే తేల్చుకుంటారు. మర్నాడు అదే బృందం, అవే బట్టలు, కథ మాత్రం వేరు. ఎడింబరో ఫ్రింజ్ ఉత్సవంలో పేరు తెచ్చుకుని ఈ బృందం లండన్ వెస్టెండ్ థియేటర్ల దాకా వెళ్లింది. లాస్ ఏంజెలిస్‌లో ఇంప్రో థియేటర్ అనే సంస్థ కూడా ‘జేన్ ఆస్టెన్ అన్‌స్క్రిప్టెడ్’ పేరుతో ఇలాంటి ఆటే ఆడుతోంది.

కరీంనగర్ పాఠకుడికి ఇది దూరపు ముచ్చటలా అనిపించవచ్చు. కానీ రాత లేకుండా, రిహార్సల్ లేకుండా, ఎదుట కూర్చున్న జనాన్ని కలుపుకుని పెళ్లికథను నవ్వులతో నడిపించే విద్య ఉత్తర తెలంగాణలో తరాలుగా ఉంది. దానికి టికెట్టు లేదు, ఏసీ హాలు లేదు, అంతే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన ఊళ్ల కళాకారులు చేసేది ఎంత కష్టమైన పనో తెలుస్తుంది.

ముందు ఆ ఇంగ్లండు సంగతి. మూడో జార్జి రాజుకు మతి తప్పడంతో 1811 నుంచి 1820 దాకా ఆయన కొడుకు రాజప్రతినిధిగా పాలించాడు. ఆ తొమ్మిదేళ్లనే రీజెన్సీ కాలం అంటారు. ఆస్టెన్ నవలలు ఆరూ అచ్చయింది ఈ కాలంలోనే. 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’, 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ వచ్చాయి. 1817లో ఆమె చనిపోయాక ఆఖరి రెండూ వెలువడ్డాయి. 2000లో తెలుగులోకి ‘ప్రియురాలు పిలిచింది’గా వచ్చిన సినిమాకు మూలం ఈ ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’యే. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ‘బ్రిడ్జర్టన్’ సీరియల్ కూడా ఈ కాలం చుట్టూ తిరిగేదే. దాంతో ఈ గౌన్లూ గుర్రపు బగ్గీలూ ప్రపంచమంతటా కొత్త తరానికి పరిచయమయ్యాయి.

ఆ కాలంలో పెద్దింటి ఆడపిల్ల బతుకంతా కట్టుబాట్లమయం. పరిచయం చేసే పెద్దమనిషి లేనిదే పరాయి మగవాడితో మాట్లాడకూడదు. నాట్యశాలలో ఒకే మనిషితో రెండుసార్లకు మించి ఆడితే ఊరంతా గుసగుసలు. నిశ్చయం కాని అమ్మాయికి అబ్బాయి ఉత్తరం రాస్తే తప్పు. తండ్రి ఆస్తి చాలా ఇళ్లలో కూతుళ్లకు దక్కదు, దూరపు చుట్టమైనా మగవాడికే పోతుంది. అందుకే ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో అయిదుగురు కూతుళ్ల తల్లికి అల్లుళ్లను వెతకడం తప్ప వేరే ధ్యాస ఉండదు. పిల్లవాడి పేరు కంటే ముందు ఏటా ఎంత వస్తుందో తెలుస్తుంది. కథానాయకుడు డార్సీ అనగానే ఏడాదికి పది వేల పౌండ్లు!

నవ్వు పుట్టేది ఈ కట్టుబాట్లలోంచే. నియమం గట్టిగా ఉన్నచోట చిన్న తడబాటు కూడా పెద్ద ఘటన అవుతుంది. ఒక నటుడు పొరపాటున అమ్మాయి చేతిని ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుంటే చాలు, హాలంతా ఊపిరి బిగబడుతుంది. ఆ కథ ఎలా నడవాలో ప్రేక్షకులకూ తెలుసు, నటులకూ తెలుసు. మొదట అపార్థం, మధ్యలో అవమానం, చివరికి పెళ్లి. గట్లు ముందే వేసి ఉన్నాయి కనుకనే మాటలు ధైర్యంగా పారతాయి. అప్పటికప్పుడు అల్లడమంటే శూన్యంలోంచి సృష్టించడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది అందరికీ తెలిసిన కథలోని ఖాళీలను ఎవరూ ఊహించని మాటలతో నింపడం.

ఈ విద్యకు పాశ్చాత్య దేశాల్లో ఒక శాస్త్రమే తయారైంది. షికాగోలో వయోలా స్పోలిన్ పిల్లలతో ఆటలాడించి నటన నేర్పింది. ఆ ఆటలన్నీ 1963లో పుస్తకంగా వచ్చాయి. ఆమె కొడుకు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో ‘సెకండ్ సిటీ’ స్థాపించాడు. బ్రిటన్‌లో కీత్ జాన్‌స్టన్ ఈ పద్ధతికి తనదైన బాట వేశాడు. అందరూ చెప్పే మొదటి సూత్రం ఒక్కటే: పక్కవాడు అన్నదాన్ని కాదనకూడదు. ఔనని, దానికి ఇంకొకటి కలపాలి. ‘నాన్నగారూ, మన గుర్రం చనిపోయింది’ అని ఒకరంటే, ‘లేదే, బాగానే ఉందిగా’ అన్నవాడు కథను చంపేసినట్టే. ‘అయ్యో, రేపు దానిమీదే కదా పెళ్లికొడుకు రావాల్సింది’ అంటే కథ పరుగు తీస్తుంది.

సరిగ్గా ఈ పనే ఒగ్గుకథలో ‘వంత’ చేస్తాడు.

కరీంనగర్, పెద్దపల్లి, సిరిసిల్ల పల్లెల్లో కురుమలు, గొల్లలు కొలిచే బీరప్ప, మల్లన్నల కథలు చెప్పేవాళ్లు ఒగ్గు పూజారులు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ కళకు ఎనలేని పేరు తెచ్చారు. డోలు, తాళాలు మోగుతుంటే కాళ్లకు గజ్జెలు కట్టిన ప్రధాన కథకుడు నడుమ నిలబడతాడు. పక్కన మాట అందుకునే వంతలు. భుజం మీది బట్ట తల మీదికి రాగానే కథకుడు ఆడమనిషి అవుతాడు, నడుముకు బిగిస్తే మళ్లీ మగవాడు. వేషం మార్చడానికి తెరచాటుకు పోయే పనే లేదు.

ఈ కథల్లో ముఖ్యమైనది పెళ్లి ఘట్టం. పెంచిన అక్క మంకాళి ఒకవైపు, మనసుపడ్డ కామరాతి ఒకవైపు, నడుమ బీరప్ప. మల్లన్నకైతే బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ ఇద్దరు భార్యలు. ఆ సవతుల మధ్య మాటల యుద్ధం వచ్చిందంటే జనంలో నిద్రపోయేవాళ్లు ఉండరు. ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టం రావాలో గురువు దగ్గర నేర్చుకున్నదే, దాన్ని దాటరు. పాటలూ కట్టుబడి ఉన్నవే. కానీ పాటకూ పాటకూ మధ్య వచ్చే మాటలు ఆ రాత్రివి, ఆ ఊరివి.

పిల్లను చూడ్డానికి బీరప్ప బయల్దేరాడని కథకుడు అన్నాడనుకుందాం. వంత ఊరుకోడు. ‘ఏ తొవ్వల పోతుండే అన్నా?’ అంటాడు. ‘మీ ఊరి చెరువుకట్ట మీదికెళ్లే పోతుండు.’ ‘అయ్యో, కట్ట తెగి రెండేండ్లాయె. సర్పంచును అడిగి పొమ్మను!’ ముందు వరసలో కూర్చున్న సర్పంచు నవ్వక తప్పదు. వంత కథను ఆపినట్టే కనిపిస్తాడు, కానీ కథకుడు అన్న ఒక్క మాటనూ కొట్టెయ్యడు. తొవ్వ ఉందని ఒప్పుకున్నాడు, కట్ట ఉందని ఒప్పుకున్నాడు, తెగిన సంగతి తను కలిపాడు. ఇక ఆ తెగిన కట్టను బీరప్ప ఎలా దాటాడో చెప్పడం కథకుడి వంతు. షికాగోలో పుస్తకం రాసి నేర్పిన సూత్రాన్ని మన వంతలు తండ్రుల పక్కన నిలబడి నేర్చుకున్నారు. కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వాలి, జనం చెవి తిప్పుకోకుండా చూడాలి, మళ్లీ కథను దారిలో పెట్టాలి. మూడు పనులూ ఒకేసారి. వంతను పక్కవాయిద్యంగా చూడటం పొరపాటు. ఆ రాత్రి నాటకంలో సగం అతనిదే.

అంతకంటే ఒంటరిగా, అంతకంటే సాహసంగా నవ్వించేవాడు పిట్టలదొర. ఖాకీ అంగీ, తలమీద టోపీ, భుజాన కట్టె తుపాకీ. వేటకొచ్చిన తెల్లదొర వేషాన్నీ, గడీలో దొర దర్జానూ కలిపి కుట్టిన ఆకారం. తుపాకి రాముడు అనీ పిలుస్తారు. బజారులో నిలబడి తనకున్న లేని భూములూ, పట్టిన లేని పులులూ, అత్తగారు పెట్టిన లేని కట్నాలూ ఆపకుండా ఏకరువు పెడతాడు. ఎదురుగా ఉన్న కిరాణా షావుకారునో, బస్సు దిగిన మాస్టరునో ఆ గొప్పల్లోకి లాగేస్తాడు. ఆస్టెన్ నవలలో డార్సీ పది వేల పౌండ్ల గురించి ఊరంతా చెవులు కొరుక్కుంటే, ఇక్కడ ఆస్తి లెక్క దొరే స్వయంగా అరిచి చెబుతాడు, ఒక్క పైసా లేకపోయినా. ఆస్తిని బట్టి మనిషిని తూచే లోకాన్ని రెండూ ఎండగడతాయి. దొరల రాజ్యం నిజంగా నడిచిన నేల మీద, దొర వేషం కట్టి దొరతనాన్ని గేలి చేయడానికి గుండెధైర్యం కావాలి. ఆ తర్వాత అక్షరాస్యత ప్రచారానికీ, తెలంగాణ ఉద్యమ సభలకూ పిట్టలదొరను పిలుచుకున్నారంటే, ఆ మాటకున్న పట్టు అలాంటిది.

ఆదిలాబాద్ అడవుల్లో ఇదే విద్యకు మరో రూపం ఉంది. దీపావళి ముందు రోజుల్లో గోండు గూడేల నుంచి దండారి బృందాలు బయల్దేరి వేరే గూడేలకు అతిథులుగా వెళతాయి. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, పెట్టుడు గడ్డం, భుజాన జంతుచర్మం, చేతిలో కర్రతో గుస్సాడీలు వస్తారు. ఆడవేషం కట్టిన కుర్రాళ్లూ వెంట ఉంటారు. ఆతిథ్యమిచ్చే గూడెం ఎదురొచ్చి స్వాగతం చెబుతుంది. పగలు ఆట, రాత్రి కూడా ఆట, నడుమ హాస్య ప్రహసనాలు. గుస్సాడీ వేషంలో ఉన్నవాడికి దేవుడి అండ ఉంది, పరిహాసాలాడే చనువూ ఉంది. మామూలు రోజున అనలేని మాట ఆ వేషంలో అనొచ్చు.

దీనికీ పెళ్లికీ సంబంధమేమిటి? గోండుల్లో నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల వాళ్లని నాలుగు సగలున్నాయి. ఒకే సగలో పెళ్లి కుదరదు. వియ్యం అందుకోవాలంటే వేరే సగవాళ్లున్న గూడెం వైపు చూడాల్సిందే. అందుకే దండారి రాకపోకలు దేవుడి మొక్కుతో పాటు సంబంధాలు కలుపుకునే సందర్భం కూడా అయ్యాయి. కొత్త ఊరు, కొత్త ముఖాలు, పెద్దల కనుసన్నల్లో కుర్రకారు. ఆస్టెన్ నవలల్లో నాట్యశాల చేసే పని ఇక్కడ గూడెం నడిబొడ్డు చేస్తుంది. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని దగ్గరగా చూసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ ఆటల గురించి వివరంగా రాశారు. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

పోలిక ఎంత బాగా కుదిరినా ఒక్కచోట తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆస్టెన్‌టేషియస్‌ను నడిపేవాళ్లలో ఆడవాళ్లున్నారు. పెళ్లిచూపుల్లో కూర్చున్న అమ్మాయికి లోలోపల ఏమనిపిస్తుందో వాళ్ల నోట వింటాం. ఆస్టెన్ హాస్యానికి ప్రాణం కూడా ఆ చూపే. ఒగ్గుకథలోనూ దండారిలోనూ ఆడవేషం మగవాడిదే. నైపుణ్యంలో లోటు లేదు, కానీ సవతుల పోట్లాట మీద పేలినన్ని జోకులు ఆ ఇద్దరినీ చేసుకున్నవాడి మీద పేలవు. ఉత్తర తెలంగాణలోనే చిందు భాగోతం ఈ గీత దాటింది. అక్కడ ఆడవాళ్లు రంగం మీదికి రావడమే కాదు, నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ మగవేషాలు కూడా కట్టి మెప్పించింది. కామరాతి మాటలను ఒక ఆడమనిషి అప్పటికప్పుడు అల్లితే ఆ పెళ్లికథ ఎటు మలుపు తిరుగుతుందో చూడాలని ఉంటుంది.

రెండో తేడా గౌరవానిది. లండన్‌లో రాత లేకపోవడమే ఆ ఆటకు ఆకర్షణ. ఇక్కడ రాత లేదు కాబట్టి దీన్ని నాటకంగానే లెక్కించరు. పోటీలకు స్క్రిప్టు అడుగుతారు, వేదిక మీద పది నిమిషాలు ఇస్తారు. రాత్రంతా సాగే కథను పది నిమిషాలకు కుదిస్తే ముందుగా రాలిపోయేది వంత మాటలే. దేవుడి స్తుతి, ఒక పాట, డోలు విన్యాసం మిగులుతాయి. టీవీలో, ప్రభుత్వ ఉత్సవాల్లో ఒగ్గుడోలు చూసి ఇదే ఒగ్గుకథ అనుకునే తరం తయారవుతోంది. కరీంనగర్ కళాభారతిలో ఒక్క రాత్రి జనం చేత పేరు చెప్పించుకుని, ఒక ఒగ్గు జట్టునూ నాలుగు నాటక సంఘాల కుర్రాళ్లనూ కలిపి నిలబెడితే ఏమవుతుంది? పెళ్లికి కట్నం లెక్క, దుబాయి నుంచి సెలవు మీదొచ్చిన పెళ్లికొడుకు, సింగరేణి నౌకరీ, వాట్సాప్‌లో తిరిగే బయోడేటా. రీజెన్సీ ఇంగ్లండుకు ఏ మాత్రం తీసిపోని కట్టుబాట్లు మన చుట్టూ కావలసినన్ని ఉన్నాయి. వాటి మీద అల్లడానికి వంతలూ ఉన్నారు.

చూడాలనుకున్నవాళ్లకు రోజులు ఎప్పటివో తెలిసినవే. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న జాతర. పెద్దపల్లి జిల్లా ఓదెల మల్లన్న గుడిలో ఒగ్గు పూజారులు రంగుల ముగ్గులతో పట్నాలు వేస్తారు. బీరప్ప కామరాతి కల్యాణాలు కురుమల ఊళ్లలో పండుగగా కొన్ని రోజులు సాగుతాయి. దండారి కోసమైతే దీపావళికి ముందే ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు ప్రయాణం కట్టాలి. మంచిర్యాల జిల్లా గుడిరేవులో గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడికి ఆ రోజుల్లో బృందాలు వరసగా వస్తాయి. తెల్లారేదాకా కూర్చునే ఓపికతో వెళ్లాలి, అసలైన మాటలు అర్ధరాత్రి దాటాకే ఊపందుకుంటాయి.