పాత బుల్లెట్‌కు ఏ టైరు?

3.25-19. పాత బుల్లెట్ 350 టైరు పక్కన ఉండే ఈ అంకెల్లో మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. రెండూ అంగుళాల్లోనే. ఎత్తు ఎక్కడా కనిపించదు. ఆ కాలపు టైర్లలో ఎత్తు దాదాపు వెడల్పుతో సమానం కాబట్టి విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇవాళ షాపులో దొరికే 90/90-19 లెక్క వేరు. మొదటి 90 వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతుంది, రెండోది ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. గుణిస్తే ఎత్తు 81 మిల్లీమీటర్లు. 3.25 అంగుళాలంటే సుమారు 82.5. తేడా ఇంత తక్కువ కాబట్టే పాత సైజు దొరకనప్పుడు చాలామంది దీన్ని వేయిస్తారు.

గాలి టైరు రెండుసార్లు పుట్టింది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి, ఎండకు కరగని, చలికి పెళుసెక్కని పదార్థంగా మార్చే మార్గం కనుక్కున్నాడు. 1845లో స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. గుర్రపు బగ్గీల కాలం కావడంతో అది మరుగున పడింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించాలని దాన్ని మళ్లీ కనిపెట్టాడు.

తరువాతి చిక్కు టైరును రిమ్ముకు పట్టి ఉంచడం. తొలినాటి మోటారు సైకిళ్లలో ఎక్కువ వాటికి టైరు అంచున రబ్బరు మడత ఉండేది. అది రిమ్ము వంపులో ఇరుక్కునేది. దాన్ని బిగించి ఉంచేది లోపలి గాలి ఒత్తిడే కాబట్టి, గాలి తగ్గితే టైరు ఊడి వచ్చేది. ఇంగ్లండులో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ 1890లోనే అంచుల్లో ఉక్కు తీగ పెట్టే పద్ధతికి పేటెంట్ పొందాడు. మోటారు సైకిళ్లలో అది స్థిరపడేసరికి 1920లు గడిచిపోయాయి. అంతకు ముందరి బండిని బాగుచేసేవారు మొదట చూడాల్సింది టైరు షాపును కాదు, రిమ్మునే. ఒక రకం టైరు రెండో రకం రిమ్ము మీద నిలవదు.

బుల్లెట్‌కు ఆ బెడద లేదు. దాన్ని తయారుచేసిన ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మద్రాసులో మొదలయ్యేనాటికి తీగ అంచు టైరే లోకమంతటా ఉంది. కంపెనీ కర్మాగారం నగరానికి ఉత్తరాన తిరువొత్తియూరులో వెలిసింది. అదే తిరువొత్తియూరులో 1946లో కె.ఎం. మమ్మెన్ మాప్పిళ్లై ఒక షెడ్డులో పిల్లలాడుకునే బెలూన్ల తయారీ మొదలుపెట్టాడు. ఆ షెడ్డే పెరిగి ఎం.ఆర్.ఎఫ్. అయింది, తరువాత టైర్లలోకి దిగింది. తెలంగాణలో సదాశివపేట వద్ద కూడా దానికి ఇప్పుడు పెద్ద కర్మాగారం ఉంది.

టైరు ఎంపికలో ఎక్కువగా జరిగే పొరపాటు వెడల్పు దగ్గరే. 2023 బుల్లెట్ వెనక టైరు 120/80-18. అది చూసి పాత బండికీ లావు టైరు వేయాలనిపించడం సహజం. కానీ పాత బుల్లెట్ రిమ్ము డబ్ల్యూఎం2 రకం, లోపలి వెడల్పు 1.85 అంగుళాలే. దాని మీద లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోతాయి, నడినెత్తి పైకి లేస్తుంది. తిన్నగా వెళ్లేటప్పుడు నేలకు ఆనే భాగం పెరగకపోగా తగ్గుతుంది. మలుపులో బండి ఒక్కసారిగా పక్కకు పడబోతున్నట్టు వాలుతుంది. ఇంజను శక్తి 18 గుర్రాలే. ఆ కొద్దిపాటి శక్తిని నేలకు అందించడానికి సన్నటి టైరు చాలు. ఆ టైరు మీద ఉండే వేగం గుర్తు ‘పి’ అంటే గంటకు 150 కిలోమీటర్లు, బరువు గుర్తు 54 అంటే ఒక్కో టైరుకు 212 కిలోలు. ఆ బండికి రెండూ కావలసినదానికన్నా ఎక్కువే.

ముందు టైరుకు చుట్టూ నిలువు గాడులు, వెనకదానికి దిమ్మెల అచ్చు అన్న పాత పద్ధతి అందం కోసం వచ్చింది కాదు. ముందు చక్రం దారి చూపాలి, పక్కకు జారకూడదు. వెనకది నేలను తోయాలి. ఈ జతను అలాగే ఉంచడం మంచిది. లోపల దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే టైర్లకే పాత బుల్లెట్ చట్రం కుదురుతుంది. మిషెలిన్ 1946లో పేటెంట్ తీసుకున్న రేడియల్ పద్ధతి మోటారు సైకిళ్లకు 1980ల్లోగాని రాలేదు. ముందు ఏటవాలు దారాల టైరు, వెనక రేడియల్ టైరు అన్నట్టు రెండు రకాలను కలపడం అసలే వద్దు.

అన్నింటికన్నా ముఖ్యమైనది వయసు. పెయింటుకూ క్రోమియానికీ నెలలు వెచ్చించే యజమానులు, టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చూడకుండానే రోడ్డెక్కుతారు. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది. గాలిలోని ఓజోన్ రబ్బరు అణువుల గొలుసులను తెంచుతుంది. దాన్ని అడ్డుకునే మైనమూ రసాయనాలూ తయారీలోనే కలుపుతారు. చక్రం తిరిగి టైరు నలుగుతున్నప్పుడే అవి పైకి బాగా ఊరతాయి. అందుకే షెడ్డులో గుడ్డ కప్పి ఉంచిన బండి టైరు, రోజూ తిరిగే బండి టైరుకన్నా ముందే పగుళ్లు తేలవచ్చు. హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో తయారైన పాత డన్‌లప్ టైరు వాడకుండా దొరికితే అది సేకరణలో విలువైన వస్తువు. ప్రదర్శనలో నిలబెట్టే బండికి బాగుంటుంది. మనుషులను ఎక్కించుకుని తిరిగే బండికి మాత్రం తగదు.

టైరు మార్చే రోజే ట్యూబునూ, పుల్లల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ములో చుట్టే పట్టీనీ మార్చాలి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. అది అరిగేదాకా, అంటే తొలి 150 కిలోమీటర్ల వరకు, తడి రోడ్డు మీద బండిని ఎక్కువగా వాల్చకూడదు. ఆ తర్వాత మెకానిక్ చేత పుల్లల బిగువు ఒకసారి చూపించి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిపించుకోవాలి.