ఆడియో షోలో మూడు తరాల చెవులు

ఈ వారం మీతో ముచ్చటించబోయే విషయం కాస్త ఖరీదైనది. ఒక జత స్పీకర్లకి కారు కొన్నంత డబ్బు పెట్టేవాళ్ళ సంగతి. భయపడకండి, మిమ్మల్ని కొనమని చెప్పటానికి కాదు. నేను కూడా ఏమీ కొనకుండానే ఇంటికొచ్చాను. ఎందుకో చివర్లో చెప్తాను.

షికాగోకి వాయవ్యంగా షామ్‌బర్గ్ అనే ఊరుంది. అక్కడ ఏటా వసంతకాలంలో ఆక్స్‌పోనా అనే ఆడియో షో జరుగుతుంది. 2010లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో మొదలై, 2013లో షికాగో ప్రాంతానికి వచ్చింది. పెద్ద హోటల్లో గదుల్లోంచి మంచాలు తీసేసి, ఒక్కో కంపెనీవాళ్ళు తమ స్పీకర్లూ ఆంప్లిఫయర్లూ అమర్చుకుంటారు. మనం గదిగదికీ తిరిగి, కూర్చుని వినటమే. మన తిరునాళ్ళలో కొట్లు తిరిగినట్టే, కాకపోతే ఎవరూ కేకలు పెట్టరు.

నేను మొదటిసారి 2014లో వెళ్ళాను. అప్పట్లో షో ఓహేర్ విమానాశ్రయం దగ్గర జరిగేది. ఏ గదిలో చూసినా నెరిసిన జుట్టు, అందరూ మగవాళ్ళే, అందరి చేతుల్లోనూ చిన్న నోట్‌బుక్కు. దానికి కారణం లేకపోలేదు. 1970లలో ఈ దేశపు కుర్రాళ్ళకి మంచి స్టీరియో కొనుక్కోవటం పెద్ద మోజు. వియత్నాం యుద్ధానికి వెళ్ళిన సైనికులు కూడా తిరిగొస్తూ జపాను స్టీరియోలు తెచ్చుకున్నారు. ఆ తరమే ఈ సరదాతోపాటు ముసలిదయింది. తర్వాతి తరానికి 2001లో ఐపాడ్ వచ్చింది. వెయ్యి పాటలు జేబులో పడితే చాలనుకున్నారు, నాణ్యత సంగతి ఎవరడిగారు!

ఈమధ్య మళ్ళీ వెళ్తే గుంపు మారిపోయింది. ఇరవైల్లో ఉన్న ఆడపిల్లలు, మగపిల్లలు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన దంపతులు. వీళ్ళు రెండు దార్లలో వచ్చారు. ఒకటి హెడ్‌ఫోను. లక్ష డాలర్ల స్పీకర్లు ఎవరు కొంటారు? కొన్ని వందల డాలర్లకి మంచి హెడ్‌ఫోను వస్తుంది, అపార్టుమెంటులో పక్కవాళ్ళతో పేచీ ఉండదు. రెండోది గ్రామఫోను రికార్డు. 2022లో అమెరికాలో ఎల్పీ రికార్డులు సీడీలకన్నా ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తర్వాత అలా జరగటం అదే మొదలు. పాతవాళ్ళు "ఇది ఏ ఆంప్లిఫయరు?" అని అడిగేవారు. ఈ పిల్లలు ఫోను తీసి "నా పాట పెడతారా?" అని అడుగుతున్నారు.

ఈసారి నాతో మా నాన్నగారు, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి వచ్చారు. నాన్నగారిది తెనాలి, డెబ్భై దాటాయి. మర్ఫీ రేడియోలో విజయవాడ కేంద్రం వింటూ పెరిగిన మనిషి. ఇక్కడికొచ్చాక ఆయన రోజంతా ఒక్కరే కూర్చుంటున్నారని, మంచి స్పీకర్లు కొనిపెడదామని నా ఆలోచన.

ఒక గదిలో పియానో సంగీతం పెట్టారు. వెనకాల డ్రమ్ముల మీది ఇత్తడి తాళాన్ని కుంచెలాంటి దానితో మెల్లగా రాస్తున్నారు. మా అమ్మాయి వాళ్ళ తాతయ్య చెవిలో "ఆ ఇసక పోస్తున్న చప్పుడేంటి తాతయ్యా?" అంది. ఆయన "ఇసకేంటమ్మా, పియానో కదా" అన్నారు. నాకు మాత్రం ఇసక స్పష్టంగా వినపడుతోంది.

తర్వాత ఆ గదిలో ఆయన, మీ పాట ఏదైనా పెట్టమంటారా అని అడిగారు. 1957 నాటి మాయాబజార్‌లో ఘంటసాల, లీల పాడిన పడవ పాట పెట్టించాం. నాన్నగారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. ఒక్క మాట కూడా పోలేదు ఆయనకి.

ఇందులో చిక్కు ఎక్కడుందో చెప్తాను. మనిషి చెవి పసితనంలో 20 నుంచి 20,000 హెర్ట్జుల దాకా వింటుంది. లోపల నత్తగుల్లలాంటి భాగంలో సన్నని వెంట్రుకల కణాలుంటాయి. కీచుగా ఉండే శబ్దాల్ని పట్టేవి మొదట్లోనే ఉంటాయి, ముందు అరిగేవీ అవే. పోతే మళ్ళీ మొలవవు. పాత సినిమా రికార్డింగులో కీచు శబ్దాలు ముందే తక్కువ. పాటకి బలమంతా గొంతులోనే. అందుకే ఆయన రోజూ వినే పాటల్లో లోటు బయటపడలేదు.

మాటల్లో బయటపడుతుంది. అచ్చుల బలం చాలావరకు 3,000 హెర్ట్జుల లోపే. "స", "శ" లాంటి ఊదుడు శబ్దాలు దానికి పైనుంటాయి. అవి పోతే మాట వినపడుతుంది కానీ ఏమన్నారో తెలియదు. ఆర్నెల్లుగా నాన్నగారు "దాని అమెరికా యాస నాకు అర్థం కాదురా" అంటున్నారు. మేమూ నమ్మేశాం. మనవరాలు మాట్లాడటం తగ్గించింది, ఆయన టీవీ సౌండు పెంచారు. తప్పు యాసది కాదు.

కారెక్కాక మెల్లగా చెప్పాను. "నాకు చెవుడంటావా?" అని కోపగించుకున్నారు. వెనక సీట్లోంచి మా అమ్మాయి "తాతయ్యా, నీకు ఇసక వినపడాలి" అంది. రెండు వారాల తర్వాత పరీక్షకి ఒప్పుకున్నారు. 4,000 హెర్ట్జుల పైన బాగా తగ్గిందని తేలింది. ఇప్పుడు చెవి మిషను పెట్టుకుంటున్నారు. మొదట్లో పళ్ళాల చప్పుడుకి విసుక్కున్నారు. ఇప్పుడు ఇద్దరూ పేకాడుకుంటున్నారు, ఆవిడగారు తొండి చేస్తే ఈయనకి తెలిసిపోతోంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే పరీక్ష చేయించండి. విజిటర్ ఇన్సూరెన్సు దీనికి పనికొస్తుందో లేదో ముందే కనుక్కోండి. 2022 అక్టోబరు నుంచి అమెరికాలో పెద్దవాళ్ళకి కొద్దిపాటి, మధ్యరకం వినికిడి లోపానికి మిషన్లు ప్రిస్క్రిప్షను లేకుండానే దొరుకుతున్నాయి. ఒక్క చెవే తగ్గినా, ఉన్నట్టుండి తగ్గినా, నొప్పి ఉన్నా ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

ఇక పిల్లల హెడ్‌ఫోన్ల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలకి 75 డెసిబెల్స్, పెద్దవాళ్ళకి 80, అదీ వారానికి 40 గంటలే. సౌండు మూడు డెసిబెల్స్ పెరిగిన కొద్దీ వినదగిన సమయం సగమవుతుంది. ఫోను సెట్టింగుల్లో హద్దు పెట్టేయండి.

ఆడియో షోకి కుర్రకారు రావటం సంతోషమే. ఎంత మంచి స్పీకరు కొన్నా చివరికి వినాల్సింది చెవే. స్పీకర్లు వచ్చే ఏడు చూద్దాం.