వైరస్ అణిగినా ఆరని మంట

"వైరస్ కనిపించడం లేదని రిపోర్టు వచ్చింది. కొలెస్టరాల్ మామూలుగానే ఉంది. మరి డాక్టరుగారు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ ఎందుకు రాశారు?" హెచ్‌ఐవీ ఉన్న ఒక పాఠకుడు అడిగిన ఈ ప్రశ్న నన్ను వదలలేదు. స్టాటిన్ సంగతి తర్వాత. జవాబు పేగులో మొదలవుతుంది.

హెచ్‌ఐవీ సీడీ4 అనే రోగనిరోధక కణాలను చంపుతుందని అందరికీ తెలుసు. రక్తం తీసి లెక్కపెడతాం గనుక అవన్నీ రక్తంలోనే ఉంటాయనుకుంటాం. వాటిలో పెద్ద వాటా ఉండేది పేగు గోడల్లో. వైరస్ సోకిన తొలివారాల్లోనే అక్కడ ఊచకోత జరిగిపోతుంది. కోతుల్లో దీన్ని 1998లోనే చూపించారు. ముఖ్యంగా నష్టపోయేది టీహెచ్-17 కణాలు. పేగు లోపొరకు మరమ్మతు చేయించే ఇంటర్‌ల్యూకిన్-22 లాంటి సంకేతాలు పంపేది అవే. అవి పోయాక చెరువుకట్టకు బుంగ పడ్డట్టే. పేగులోని బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి ఊరుతూ ఉంటాయి.

ఇక్కడి నుంచి కథ నాకు మహా ఇష్టం. బ్యాక్టీరియా పైపొరలో ఉండే లైపోపాలీశాకరైడ్ అనే పదార్థం హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తంలో ఎక్కువగా ఉందని 2006లో బ్రెంచ్లీ, డ్యూయెక్ బృందం చూపింది. మోనోసైట్ అనే తెల్లకణం మీద ఉండే సీడీ14 అనే ప్రొటీన్ దాన్ని అందుకుని టీఎల్ఆర్4 అనే గ్రాహకానికి అప్పగిస్తుంది. ఈ గ్రాహకం పని కనిపెట్టినందుకే బ్రూస్ బాయిట్లర్‌కు 2011లో నోబెల్ వచ్చింది. వచ్చింది తునకో, బతికున్న సూక్ష్మజీవో మోనోసైట్‌కు తెలియదు. ఒళ్లంతా సూక్ష్మజీవులు చొరబడ్డాయన్నట్టే స్పందిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 తయారయ్యే సంకేతం అందుతుంది. మోనోసైట్ ఒంటిమీద టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ మొలుస్తుంది, దాంతో రక్తం గడ్డకట్టే వరస మొదలవుతుంది. ధమని లోపొర కూడా రెచ్చిపోయి అతుక్కునే అణువులను బయటపెడుతుంది. మోనోసైట్లు వాటిని పట్టుకుని గోడలోకి దూరి, కొవ్వు మింగి ఉబ్బుతాయి. పూడికకు పునాది అదే. రోజూ, ఏళ్ల తరబడి ఇదే తంతు. ఆరని మంట (ఇన్‌ఫ్లమేషన్) అంటే ఇదే.

పశ్చిమాఫ్రికాలోని సూటీ మాంగబే కోతుల ఒంట్లో హెచ్‌ఐవీకి బంధువైన ఎస్ఐవీ దండిగా ఉంటుంది. అయినా ఎయిడ్స్ దాదాపుగా రాదు. వాటి పేగు గోడ చెక్కుచెదరదు, దీర్ఘకాలపు మంట రగలదు. ఆసియా మకాక్ కోతులకు ఆ వైరస్ సోకితే మాత్రం గోడా పోతుంది, ప్రాణమూ పోతుంది. వైరస్ లెక్క ఒక్కటే జబ్బును నిర్ణయించదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే సాక్ష్యం నాకు కనబడలేదు.

హెచ్‌ఐవీ ఉన్నవారి గుండెపోట్ల నేరాన్ని తొలినాళ్లలో హెచ్‌ఐవీ మందుల మీద మోపారు. పూర్తిగా నిరాధారం కాదు, పాత ప్రోటియేజ్ నిరోధకాలు కొవ్వులను పెంచేవి. సీడీ4 లెక్క బాగున్నప్పుడు మందు ఆపితే మేలని కొందరు నమ్మారు. 5,472 మందితో స్మార్ట్ అనే పరీక్ష దాన్ని తేల్చింది: మందు ఆపిన వర్గంలో మరణాలు పెరిగాయి, గుండె, మూత్రపిండాలు, కాలేయాల పెద్ద జబ్బులూ పెరిగాయి. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. దాచిన రక్తాన్ని తర్వాత పరిశీలిస్తే, మందు ఆపిన నెలకే ఇంటర్‌ల్యూకిన్-6, గడ్డల ఆనవాలైన డి-డైమర్ పెరిగి కనిపించాయి. మందు మంటను తగ్గిస్తుంది, పూర్తిగా ఆర్పదు. పొగతాగడం, ఒంట్లో దాగిన ఇతర వైరస్‌లు కూడా దానికి ఆజ్యం పోస్తాయి.

ఇక స్టాటిన్. 12 దేశాల్లో, మన దేశంతో కలిపి, హెచ్‌ఐవీ ఉన్న 7,769 మందితో సాగిన రిప్రీవ్ పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. గుండెజబ్బు ముప్పు తక్కువ, మధ్యస్థంగా ఉన్న 40–75 ఏళ్లవారికి రోజుకు 4 మిల్లీగ్రాముల పిటవాస్టాటిన్ ఇస్తే పెద్ద గుండె, రక్తనాళ ప్రమాదాలు 35 శాతం తగ్గాయి. మన పాఠకుడి డాక్టరు రాసింది అందుకే. అయితే పేగు బుంగను పూడ్చే మందు ఇంకా రాలేదు, రిఫాక్సిమిన్ యాంటీబయాటిక్‌తో చేసిన ప్రయత్నం పెద్దగా ఫలించలేదు. ఈలోగా హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో సీడీ4 లెక్క అడిగినంత శ్రద్ధగా బీపీ, షుగరు, బీడీ సిగరెట్ల సంగతి కూడా అడగాలి. 40 దాటినవారినైతే తప్పకుండా.