పనిచోట మన తరఫున మాట్లాడేదెవరు?



పంచాయతీ ఎన్నికలంటే మనకందరికీ తెలుసు. వార్డు మెంబరెవరో, సర్పంచి ఎవరో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. మరి రోజుకు ఎనిమిది గంటలు గడిపే పనిచోట మన తరఫున మాట్లాడే మనిషి ఎవరు, ఆ మనిషిని ఎవరు ఎన్నుకోవాలి అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. "మాకెందుకమ్మా అవన్నీ, మేస్త్రీ చూసుకుంటాడు" అనేవారూ ఉన్నారు. మేస్త్రీ చూసుకునేది మేస్త్రీ లాభం. మన సంగతి చూడడానికి చట్టం వేరే ఏర్పాటు చేసింది. దాన్ని గురించే ఈ పూట నాలుగు మాటలు.

మన చీమకుర్తి పేరు చెబితే దేశదేశాల వారికి నల్లరాయి గుర్తొస్తుంది. నల్లని రాతిలో బంగారు చుక్కలు పొదిగినట్టుండే ఆ గెలాక్సీ గ్రానైటు ఇక్కడా, పక్కనే ఉన్న రామతీర్థం దగ్గరా దొరుకుతుంది. క్వారీ గుంటల్లో యంత్రాల దగ్గర ఎక్కువగా మగవారే. కోత, పాలిషు ఫ్యాక్టరీల్లో, అటు ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగులో, గుంటూరు దిక్కున మిరపకాయలకు తొడిమలు తీసేచోట, పత్తి మిల్లుల్లో ఆడవారి చేతులు లేనిదే పని సాగదు. పని సాగేది మన చేతులతోనే అయినా, ఆ పని ఎట్లా జరగాలో మాట్లాడుకునే చోట మనం ఉండం. చిక్కంతా అక్కడే ఉంది.

యూనివర్సిటీల్లో, పెద్ద ఆఫీసుల్లో ఉద్యోగుల తరఫున మాట్లాడే ఇలాంటి సభను స్టాఫ్ కౌన్సిల్ అంటారు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1966 నుంచి ఆఫీసు మొదలు జాతీయ స్థాయి దాకా అలాంటి సంప్రదింపుల మండళ్ళు ఉన్నాయి. ఫ్యాక్టరీలోనూ గనిలోనూ దీని పేరు వర్క్స్ కమిటీ. 1947లో వచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టంలో, నూరుమందికి తక్కువ కాకుండా పనిచేసేచోట ప్రభుత్వం ఆజ్ఞాపిస్తే యజమాని ఈ కమిటీ వేయాలని రాశారు. అందులో కార్మికుల ప్రతినిధులు యజమాని మనుషులకంటే తక్కువ ఉండకూడదు.

కమిటీ ఏం మాట్లాడాలి? 1959లో జరిగిన అఖిలభారత కార్మిక సదస్సు ఒక పట్టీ తయారుచేసింది. గాలి, వెలుతురు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, క్యాంటీను, పసిపిల్లల గది, ప్రమాదాల నివారణ, పండగ సెలవుల సర్దుబాటు వంటివి కమిటీకి ఇచ్చారు. కూలి రేట్లు, బోనసు, పనిలోంచి తీసివేతలు ఇవ్వలేదు. అవి యూనియను తేల్చవలసినవి. నన్నడిగితే, మగవారు "చిన్న విషయాలు" అని పక్కన పెట్టేవన్నీ ఈ పట్టీలోనే ఉన్నాయి. మరుగుదొడ్డి లేనిచోట పొద్దుటినుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా పనిచేసే మనిషికి అది చిన్న విషయమా?

ఇక ఎన్నిక సంగతి. 1957 కేంద్ర నిబంధనల్లో పద్ధతంతా వివరంగా ఉంది. గనులకు వర్తించినవి అవే. యజమాని తన మనుషుల్ని తానే నియమించుకుంటాడు. కార్మికుల ప్రతినిధులు మాత్రం ఎన్నిక ద్వారా రావాలి. నామినేషన్లకు ఆఖరి తేదీ, పోలింగు తేదీ ఏడురోజుల ముందే నోటీసు బోర్డులో పెట్టాలి. పోటీ చేసేవారికి 19 ఏళ్ళు నిండి, అక్కడ ఏడాది సర్వీసు ఉండాలి. నామినేషను కాగితం మీద మరో ఇద్దరు ఓటర్లు సంతకం చేయాలి. ఓటు వేయాలంటే 18 ఏళ్ళు, ఆరునెలల ఎడతెగని సర్వీసు. ఎన్ని సీట్లుంటే అన్ని ఓట్లు, కాని ఒక అభ్యర్థికి ఒక్క ఓటే. గెలిచినవారు రెండేళ్ళు ఉంటారు, మూడునెలలకొకసారైనా సమావేశం జరగాలి. అధ్యక్షుణ్ణి యజమాని నియమిస్తే, ఉపాధ్యక్షుణ్ణి కార్మిక ప్రతినిధులు తమలోంచి ఎన్నుకునేవారు.

చదవడానికి బాగానే ఉంది గదా! అయితే ఆ నిబంధనల్లోనే రెండు చిల్లులున్నాయి. ఓటు హక్కు "క్యాజువల్ కూలీలు కాకుండా" మిగిలిన వారికని రాశారు. ఏ రోజుకారోజు వచ్చి పనిచేసిపోయే ఆడమనిషి ఆ ఒక్క మాటతో బయటికి పోయింది. ఆరునెలల సర్వీసు అన్న షరతు సీజను పనివాళ్ళలో మరికొందరిని తోసేసింది. రెండో చిల్లు ఇంకా పెద్దది. ఓటింగు జరిపించేది యజమానే! ఓట్ల పెట్టె ఆయన గుమాస్తా చేతిలో ఉంటే, సాయంత్రం అదే గుమాస్తా దగ్గర కూలి డబ్బులు తీసుకోవలసిన మనిషి ధైర్యంగా ఓటు వేస్తుందా?

పెట్టె ఎవరి చేతిలో ఉండాలన్నది ఎంత ముఖ్యమో సింగరేణిని చూస్తే తెలుస్తుంది. అక్కడి బొగ్గు గనుల్లో లెక్కలేనన్ని యూనియన్లు, మాటిమాటికీ సమ్మెలు. చివరికి 1998లో రహస్య ఓటింగు పెట్టి ఏ యూనియనుకు గుర్తింపు ఇవ్వాలో కార్మికులనే తేల్చమన్నారు. జరిపించింది కంపెనీ కాదు, కేంద్ర కార్మికశాఖ అధికారులు. 2012లో, 2017లో ఒక సంఘం గెలిస్తే, 2023 డిసెంబరు 27న జరిగిన ఓటింగులో ఏఐటీయూసీ గెలిచింది. గెలిచినవారు మళ్ళీ ఓడిపోవచ్చునని తెలిసినప్పుడే ప్రతినిధి గని దగ్గరికొచ్చి మనిషి మనిషినీ పలకరిస్తాడు. అది యూనియను ఎన్నిక, మనం చెప్పుకుంటున్నది కమిటీ ఎన్నిక. రెండూ వేరు. కాని పెట్టె సంగతి రెండింటికీ ఒకటే.

యూనియను వేరు, కమిటీ వేరు అన్నాను గనక ఇంకొక మాట. 1960లో నార్త్ బ్రూక్ జూట్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. బెంగాలులో ఒక జనపనార మిల్లు యజమాని పని పద్ధతులు మార్చడానికి వర్క్స్ కమిటీ ఒప్పుకుంది గనక కార్మికులంతా ఒప్పుకున్నట్టే అన్నాడు. కుదరదంది కోర్టు. కమిటీ అభిప్రాయం చెప్పవచ్చు, తగవు సర్దడానికి ప్రయత్నించవచ్చు, అంతేగాని అందరి తరఫున పని షరతులు మార్చే ఒప్పందం చేసే అధికారం దానికి లేదు. కమిటీలో మన మనిషి సంతకం పెట్టేసింది, ఇక అయిపోయింది అని ఎవరైనా బెదిరిస్తే ఈ తీర్పు గుర్తుంచుకోండి.

నూరుమంది పనిచేసే ఫ్యాక్టరీలు ఎన్నుంటాయి లెండి. చిన్న పాలిషు ఫ్యాక్టరీలో ఇరవై, ముప్ఫై మందే ఉండవచ్చు. అలాంటిచోట పనికొచ్చేది ఫిర్యాదుల పరిష్కార కమిటీ. 2010లో పాత చట్టాన్ని సవరించి, ఇరవైమందికి తక్కువ కాకుండా ఉన్నచోట ఈ కమిటీ ఉండాలన్నారు. ఆ పాత చట్టం స్థానంలో 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులోనూ ఇరవైమంది లెక్కే ఉంది. కమిటీలో పదిమందికి మించరాదు, యజమాని మనుషులూ కార్మికుల మనుషులూ సగం సగం. అధ్యక్ష పదవి ఒక ఏడు వారిది, ఒక ఏడు వీరిది.

మనకు కావలసిన మాట ఆ తరవాత ఉంది. పనిచేసేవారిలో ఆడవారి పాలు ఎంతో, కమిటీలోనూ ఆడవారి పాలు అంతకు తగ్గకూడదు. ఒక ఫ్యాక్టరీలో అరవైమంది ఉన్నారనుకుందాం. వారిలో ఇరవైనలుగురు ఆడవారు. అంటే నూటికి నలభై. కమిటీలోనూ నూటికి నలభై పాళ్ళకు తగ్గకుండా మనవాళ్ళుండాలి. పాత సవరణలో ఇది "వీలైనంతవరకు" అని మొదలయ్యేది. ఆ "వీలైనంత" అన్న మాట మనకు ఎన్నడు వీలైంది గనక! ఇప్పుడది తీసేశారు.

ఈ లెక్క తేలాలంటే ముందు మన పేరు మస్టరులో ఉండాలి. మేస్త్రీ నోటిలెక్కలో ఉంటే ఇరవైనలుగురం ఉన్నా కాగితం మీద నలుగురమే. అంచేత పనిలో చేరిన వారంలోనే పేరు ఎక్కిందో లేదో అడగండి. చదువురాకపోతే ఇంట్లో బడికి వెళ్ళే పిల్లచేత చదివించుకోవచ్చు, సిగ్గుపడనక్కరలేదు.

కార్మికుల మనుషుల్ని ఎంచుకునేటప్పుడు మేస్త్రీ బంధువునో, యజమాని ఇంటిపని చేసే మనిషినో నిలబెట్టడం లోకంలో లేనిది కాదు. అటువంటప్పుడు మనలోంచే ఇంకొకరిని నిలబెట్టాలి. మాటకారి కానక్కరలేదు, చెప్పిన మాట మరచిపోకుండా లోపలికి తీసుకువెళ్ళి, లోపల జరిగింది బయటికొచ్చి ఉన్నదున్నట్టు చెబితే చాలు.

ఫిర్యాదు ఉన్నవారు సంగతి జరిగిన ఏడాదిలోగా కమిటీకి కాగితం ఇవ్వాలి. ముప్ఫై రోజుల్లో కమిటీ విచారణ ముగించాలి. కార్మిక ప్రతినిధుల్లో సగానికి మించి ఒప్పుకుంటేనే అది తీర్పు అవుతుంది, లేకపోతే ఏ నిర్ణయమూ జరగనట్టే. తీర్పు నచ్చకపోయినా, గడువులో తేలకపోయినా అరవై రోజుల్లోగా యూనియను ద్వారా రాజీ అధికారి దగ్గరికి వెళ్ళవచ్చు. కాగితం ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. ఆ అరవై రోజుల లెక్కకు ఉపయోగపడేది అదే.